అమ్మమ్మ సంవత్సరీకానికి పుస్తకం వెయ్యాలి: తేదీలు, ఫోటోలు, ప్రింటింగ్ గురించి సలహాలు కావాలి

దివి మనవరాలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ పోయినేడు జులై నడిమధ్యలో, ఆషాఢ బహుళ పంచమి నాడు కాలం చేసింది. అవనిగడ్డ దగ్గర ఊరు. తాతయ్య పోయిన తర్వాత వ్యవసాయం మొత్తం తనే చేయించింది. బోదె (చేలకి నీళ్ళొచ్చే చిన్న కాలువ) నీళ్ళ దగ్గర, ధాన్యం కాటా దగ్గర ఆమెతో నోరు పెట్టుకోవడానికి మగవాళ్ళు కూడా జంకేవాళ్ళు. పేకాటలో తొండి చేసేది, పట్టుబడితే ముక్కలు విసిరికొట్టి లేచిపోయేది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి 60, 70 పేజీల పుస్తకం, 150 కాపీలు వేద్దామని పిన్నులు, మావయ్యలు నా మీద పెట్టారు.

ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1938 అని ఉంది. జాతకం కాగితంలో వృష నామ సంవత్సరం, మార్గశిరం అని ఉంది. ఏది రాయాలి? పెళ్ళి శుభలేఖ ఒకటి దొరికింది, హేవిళంబి సంవత్సరం. ఫోటోలు నలభై దాకా ఉన్నాయి, కొన్ని ఫ్రేము అద్దానికి అతుక్కుపోయాయి. మనుషుల్ని అడిగితే "ఆవిడ దేవతమ్మా" అంటారు తప్ప ఇంకో ముక్క రావట్లేదు. ఆమె ఆవకాయ కొలతలు కూడా వెయ్యమంటున్నారు, అవన్నీ మానికల్లోనూ సోలల్లోనూ ఉన్నాయి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కరణంగారి వీధి

ముందు గడువు చూసుకోండి. తిథి ప్రకారం చేసేది కాబట్టి ఇంగ్లీషు తేదీ లెక్కేసుకుంటే దెబ్బతింటారు. మామూలు ఏడాదిలో తిథి పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే ఎదురు, పద్దెనిమిది పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. అంటే మీ పంచమి జులైలో రాదు, ఆగస్టు మొదటి వారంలో పడుతుంది. అధికమాసానికి అదనపు మాసికం సంగతి, కచ్చితమైన రోజు మీ పురోహితుణ్ణి ఇప్పుడే అడిగి రాయించుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళు టికెట్లు కొనేది కూడా దాన్నిబట్టే.

పుట్టిన తేదీ విషయంలో ఆధార్‌ని నమ్మకండి. తేదీకి కాగితం లేక వయసు మాత్రమే చెప్పినవాళ్ళకి సంవత్సరం లెక్కేసి జనవరి 1 వేశారు. కాబట్టి జనవరి 1 కనిపిస్తే అది ఊహ అనుకోవడమే. పింఛను కోసం వయసు ఓ నాలుగేళ్ళు పెంచి చెప్పడం కూడా ఊళ్ళల్లో మామూలే. జాతకంలో వృష అంటే 1941 ఉగాది నుంచి 1942 ఉగాది దాకా. మార్గశిరం కాబట్టి 1941 నవంబరు, డిసెంబరు మధ్య. తిథి, వారం, నక్షత్రం మూడూ రాసి ఉంటే నెట్‌లో పాత ఏళ్ళ పంచాంగం తీసి సరిచూడండి. మూడూ ఒకే రోజున కలిస్తే అది ఖాయం. వారం ఒక్కటే తప్పితే పుట్టిన వేళ చూడండి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, అర్ధరాత్రి దాటాక పుట్టినా పాత వారమే రాస్తారు. శుభలేఖలో "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని ఉంటే ఇంగ్లీషు లెక్కలో అది శుక్రవారమే. పాత పెళ్ళి తేదీలు ఒకరోజు అటూఇటూ కావడానికి పెద్ద కారణం ఇదే.

సంవత్సరాల పేర్లకి ఒక మేకు చాలు: ప్రభవ 1927. దాన్నుంచి వరసన లెక్కపెట్టండి. వృష పదిహేనోది, అంటే 1941. హేవిళంబి ముప్ఫై ఒకటోది, అంటే 1957. పెళ్ళినాటికి పదిహేనో పదహారో నిండి ఉంటాయన్నమాట. తోబుట్టువుల వయసులతోనూ, మొదటి కాన్పు ఏడాదితోనూ ఇది పొసుగుతోందా చూడండి. పొసిగితే "1941, మార్గశిరం (కాగితాల్లో 1938)" అని రెండూ వేసెయ్యండి. ఇంట్లో ఆస్తి కాగితాలుంటే వాటిలో ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1357 అంటే 1947 జులై నుంచి 1948 జూన్ దాకా.

ముసలివాళ్ళు ఏడాదులు చెప్పరు, సంఘటనలు చెబుతారు. "అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో" అంటే 1957 ఏప్రిల్ తర్వాత. "స్కైలాబ్ పడుతుందన్నప్పుడు" అంటే 1979 జులై. "పట్టపగలు చీకటి పడ్డ గ్రహణం" అంటే 1980 ఫిబ్రవరి 16. అదే ఏడు కృష్ణ పుష్కరాలు, ఆ తర్వాతవి 1992, 2004, 2016.

మీ ప్రాంతానికి ఒక హెచ్చరిక. దివిసీమలో "ఉప్పెన" అంటే 1977 నవంబరు 19, శనివారం. కానీ 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గరే ఇంకో పెద్ద తుఫాను తీరం దాటింది. ఇన్నేళ్ళకి చెప్పేవాళ్ళ నోట్లో రెండూ కలిసిపోతాయి. విడదియ్యడానికి ఏడాది అడగొద్దు. "అప్పుడు చేలో వరి ఉందా, ఇంట్లో కొత్త ఆవకాయ ఉందా?" అని అడగండి. మొదటిది కార్తీకం, కోతకొచ్చిన పైరు. రెండోది మండువేసవి, చేలు ఖాళీ. తుఫాను షెల్టర్లో తలదాచుకున్నాం అన్నారంటే చాలావరకు రెండోదే, ఎందుకంటే ఆ షెల్టర్లు ఎక్కువభాగం ఉప్పెన తర్వాత కట్టినవి.

నెగెటివ్

ఫోటోల సంగతి నేను చెబుతా. అద్దానికి అతుక్కున్న ఫోటోని పీకొద్దు. నానబెట్టొద్దు, హెయిర్ డ్రైయర్ పెట్టొద్దు. ఫోటో మీది పొర అద్దానికే ఉండిపోయి వెనక కాగితం చేతికొస్తుంది. ఫ్రేము చెక్క, వెనక అట్ట మాత్రం తీసేసి, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టండి. అద్దం బయటి వైపు ముందే పొడిగుడ్డతో తుడవండి. స్కానర్‌లో పట్టకపోతే నీడపట్టున కిటికీ పక్కన నిలబెట్టి, ఎదురుగా నల్లగుడ్డ కట్టి, దానికి చిన్న కన్నం చేసి అందులోంచి ఫోన్‌తో తియ్యండి. నల్లగుడ్డ ఉంటే అద్దంలో మీ నీడ పడదు.

జిగురు పేజీల ఆల్బమ్ అయితే, రాని ఫోటోని పేజీతోనే స్కాన్ చెయ్యండి. కాస్త కదులుతుంటే పళ్ళు శుభ్రం చేసుకునే దారం వెనకనుంచి దూర్చి రంపంలా మెల్లగా లాగండి. మధ్యలో ఆగిపోతే బలవంతం చెయ్యకండి.

ఎంత డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అనేది ఫోటో సైజుని బట్టి. ప్రింటుకి 300 కావాలి. పాస్‌పోర్టు ఫోటో 3.5 సెంటీమీటర్ల వెడల్పు. 600లో స్కాన్ చేస్తే పుస్తకంలో 7 సెంటీమీటర్ల దాకా పెద్దది చెయ్యొచ్చు, 1200లో అయితే 14. పోస్టుకార్డు సైజువి 600 చాలు. టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫోటో ఫైలు) దాచుకోండి. వాట్సాప్‌లో ఎవరైనా పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపమనండి. ఫోటోగా పంపితే అది చిన్నదై వస్తుంది, మొహాలు మైనం పూసినట్టు అవుతాయి. యాప్‌లతో రంగులు వేయించడం, మొహాలు నునుపు చేయించడం దయచేసి వద్దు. ముక్కుపుడక పోతుంది, పుట్టుమచ్చ పోతుంది, ఇంకెవరో వచ్చి కూర్చుంటారు.

గ్రూపు ఫోటోల వెనక స్టూడియో ముద్ర ఉంటే అదీ స్కాన్ చెయ్యండి, ఊరు తెలుస్తుంది. మనుషుల పేర్లకి: ఫోటో ప్రింటు మీద ట్రేసింగ్ కాగితం వేసి తలకాయల గీతలు గీసి నంబర్లు వెయ్యండి. "నిలబడ్డవారు ఎడమ నుంచి" అని రాస్తే మధ్యలో ఉన్న చంటిపిల్ల దగ్గర లెక్క తప్పుతుంది. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, అచ్చు ముందుకి తేలుతుంది. మెత్తటి పెన్సిల్ వాడండి.

ముచ్చట్ల పెట్టె

"దేవత" అనే మాట రావడానికి కారణం మీరు అడిగే ప్రశ్న. "అమ్మమ్మ ఎలాంటి మనిషి?" అంటే ఎవరైనా సంతాపసభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. ప్రేమమూర్తి, అన్నపూర్ణ, సహనశీలి. ఏ ఇంటి పుస్తకం తీసినా ఇవే మాటలు, పేరు మార్చి ఇంకో ఇంటికి ఇచ్చినా తేడా తెలియదు. మీరు రాసిన రెండు ముక్కల్లోనే పేకాట ముక్కలు విసిరికొట్టడం ఉంది. పుస్తకం నిండా అది కావాలి.

గుణం అడక్కండి, పని అడగండి. లస్కరుతో (కాలువ నీళ్ళు వదిలే మనిషి) గొడవ ఎందుకొచ్చింది, ఏ తూము దగ్గర, ఆమె ఏమంది, అతనేమన్నాడు, చివరికి నీళ్ళు ఎవరి చేలోకి పోయాయి? కాటా దగ్గర బస్తాకి ఎంత తరుగు తీస్తామన్నారు, ఎంతకి ఒప్పించింది? ఎవరితో మాట్లాడటం మానేసింది, ఎన్నేళ్ళు, మళ్ళీ ఎవరు కలిపారు? కోపం వస్తే అన్నం మానేసేదా, గిన్నెలు మోగించేదా? పుట్టింటి నుంచి ఏం తెచ్చుకుంది, అందులో ఏది అమ్మింది, ఎందుకు అమ్మింది? గాజులు తాకట్టు పెట్టి ఎవరి ఫీజు కట్టింది? వస్తువు ఒకటి చేతిలో పెట్టి అడిగితే ఇంకా బాగా వస్తుంది. అమ్మమ్మ కత్తిపీట ముందు పెట్టండి, మీ పిన్ని నోరు దానంతటదే విప్పుకుంటుంది.

బంధువులతో ఆపెయ్యకండి. చేలో పనిచేసినవాళ్ళు, పాలు పోసినావిడ, వీధి చివర కొట్టాయన, ఆమెతో తగువుపడ్డవాళ్ళు. ఈ చివరివాళ్ళు ముఖ్యం. గడుసుమనిషి కథ ఓడిపోయినవాళ్ళ దగ్గరే పూర్తిగా దొరుకుతుంది.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు. ఫ్యాను ఆపండి, లేకపోతే మాటల కింద గాలి హోరు వస్తుంది, తర్వాత తియ్యలేరు. ఫోన్‌ని బల్ల మీద నేరుగా పెట్టకుండా మడిచిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్ళకి అడుగు దూరంలో పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ వెయ్యండి, కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోయే ఫోన్లున్నాయి. మొదట్లో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీరే చెప్పండి. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టండి. నలుగురున్నచోట పెద్దకొడుకు చెప్పిందే చరిత్ర అయిపోతుంది, కోడళ్ళు నోరెత్తరు. ఒక విడతకి నలభై నిమిషాలు మించొద్దు. మధ్యాహ్నం కాఫీ తర్వాత వేళ మంచిది. మౌనం వస్తే మీరు పూరించకండి, పది లెక్కపెట్టండి. అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

గంట రికార్డింగ్ టైపు చెయ్యడానికి నాలుగైదు గంటలు పడుతుందని వేసుకోండి. ఫోన్‌లో మాటతో టైపు చేసే సదుపాయం తెలుగుకీ ఉంది గానీ కృష్ణాజిల్లా యాసని, బోదె, తరుగు, కుప్పనూర్పిడి లాంటి మాటల్ని చెడగొడుతుంది. వింటూ దిద్దాల్సిందే. అంతా టైపు చెయ్యక్కర్లేదు కూడా. ఒకసారి విని, బాగున్నచోట నిమిషం రాసిపెట్టుకుని, ఆ ముక్కలే తియ్యండి. ఆమె మాటలు ఆమె అన్నట్టే ఉంచండి. "పోరా సన్నాసీ, నా గట్టు మీద కాలు పెట్టావంటే" అన్న మనిషి పుస్తకంలోకి వచ్చేసరికి "దయచేసి మా సరిహద్దు దాటవద్దు" అంటే చదివేవాళ్ళకి నవ్వొస్తుంది.

దివి మనవరాలు

అందరికీ చాలా థాంక్సండి. కత్తిపీట ఐడియా ఈ ఆదివారమే చూస్తాను. ఒక ఇబ్బంది ఉంది. తాతయ్య పోయాక ఆయన తమ్ముడితో ఎకరం పొలం మీద కోర్టుకెళ్ళింది. ఆమె గెలిచింది. ఆ తాతగారి పిల్లలు సంవత్సరీకానికి వస్తారు. ఇది వేస్తే గొడవ, వెయ్యకపోతే ఆమె జీవితంలో పదేళ్ళు మాయం. ఏం చెయ్యమంటారు?

ముచ్చట్ల పెట్టె

వెయ్యండి, కానీ కాగితం చెప్పినంతే వెయ్యండి. ఏ ఏడాది దావా, ఏ కోర్టు, తీర్పు ఏమిటి, వాయిదాలకి ఆమె ఏ బస్సెక్కి వెళ్ళేది, చేతిసంచిలో ఏం పెట్టుకునేది. అవతలివాళ్ళని మోసగాళ్ళనడం, తీర్పు మీద మీ వ్యాఖ్యానం వద్దు. "మరిది" అంటే చాలు, పేరు అక్కర్లేదు. ఆ పేజీలు మాత్రం ఆ ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చూపించండి. అనుమతి అడగడానికి కాదు, పదిమంది ముందు మొదటిసారి చూసి మొహం మాడ్చుకోకుండా ఉండటానికి. వాళ్ళ వైపు నుంచి ఒక పేరా ఇస్తే అదీ వేసెయ్యండి. చిన్నప్పుడే పోయిన బిడ్డలు, ఆరోగ్యం సంగతుల్లాంటివి వేరు. అవి కడుపున పుట్టినవాళ్ళందరూ సరేనంటేనే.

కరణంగారి వీధి

కోర్టు సంగతికి తీర్పు నకలు ఇంట్లో లేకపోతే దావా నంబరు, ఏడాది పట్టుకుని ఆ కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టొచ్చు. పాత రికార్డు కొంత కాలానికి తీసేస్తారు కాబట్టి ఆలస్యం వద్దు. నంబరు దొరకడం కష్టమనుకుంటే అప్పటి వకీలు గుమాస్తా ఎవరైనా ఉన్నారేమో చూడండి, వాళ్ళ పుస్తకాల్లో ఉంటాయి.

గిద్దెడు నెయ్యి

ఆవకాయ దగ్గరకొద్దాం. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం. ఇది పట్టిక. కానీ మానిక ఊరూరికీ, ఇంటింటికీ కాస్త మారుతుంది. కాబట్టి పట్టిక చూసి మిల్లీలీటర్లు వెయ్యకండి. ఆమె వాడిన సోల ఇంట్లో ఉంటే దాన్నే కొలవండి. ఖాళీగా తూచి, అంచుదాకా నీళ్ళు పోసి మళ్ళీ తూచండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. ఆమె అంచుకి సమంగా కొట్టి కొలిచేదా, గోపురంగా పోసేదా అడగండి. గోపురం కొలతకి కారం బాగా పెరిగిపోతుంది.

అసలు గొడవ ఉప్పు దగ్గర. ఆవపిండి, కారం సమానం, ఉప్పు కాస్త తక్కువ అనే లెక్క కొలపాత్రతో చెప్పేది, బరువుతో కాదు. అమెరికాలో ఉన్న మనవరాలు తూకం వేసి సమానంగా కలిపితే ఉప్పు చాలదు, బూజొస్తుంది. అలాగని ప్యాకెట్ మెత్తటి ఉప్పు సోలతో కొలిచి పోస్తే ఉప్పుకషాయం. ఎందుకంటే రాళ్ళ ఉప్పు కచ్చాపచ్చాగా దంచినది సందులతో సోల నింపుతుంది. మెత్తటి ఉప్పు సందులు లేకుండా కూరుకుంటుంది. అదే సోలలో ఆవపిండి బరువుకి మెత్తటి ఉప్పు ఇంచుమించు రెండింతలకి పైనే తూగుతుంది. అందుకని పుస్తకంలో రెండూ వెయ్యండి: ఆమె కొలత, దాని పక్కనే ఆమె వాడిన రకం ఉప్పు, కారం, ఆవపిండి ఆ సోలతో కొలిచి తూచిన గ్రాములు. ఒకసారి ఇంట్లో ఎవరైనా కలుపుతుంటే మీరు తక్కెడ పట్టుకుని పక్కన కూర్చుంటే పని అయిపోతుంది.

మిగతావి చిన్నవే కానీ రాయకపోతే పోతాయి. ఏ రకం కాయ, ముక్కకి టెంక ఉండాలా, జీడి తీశాక లోపలి పొర గీకేదా, వెల్లుల్లి వేసేదా, పప్పునూనె ఎప్పుడు ఎంత, మూడోరోజు తిరగకలిపాక ముక్కల పైకి నూనె ఎంత తేలాలనేది. తేలకపోతే ఏం చేసేదో కూడా. జీలకర్ర, మెంతులు లాంటివి "కొంచెం" అని రాస్తారు అందరూ. ఆ కొంచెం ఆవిడ చేతిలో గుప్పెడా, మూడువేళ్ళ చిటికెడా? పచ్చడి జాడీకి వాసెన కట్టేటప్పుడు ఎవర్ని ముట్టుకోనివ్వలేదో కూడా రాయండి, మీ అమ్మమ్మ రకం మనిషికి అలాంటి చట్టాలుంటాయి.

డీటీపీ దుర్గ

150 కాపీలకి ఆఫ్‌సెట్ వద్దు, డిజిటల్ ప్రింటింగ్ చేయించండి. ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు 500 కాపీలు దాటితేనే గిట్టుబాటు. సైజు డెమీ 1/8, అంటే అయిదున్నర అంగుళాలు ఇంటూ ఎనిమిదిన్నర. పేజీలు నాలుగుతో భాగించబడాలి, 64 లేదా 72 పెట్టుకోండి. ఈ పేజీలకి సెంటర్ పిన్ చాలు. గమ్ బైండింగ్ చేయిస్తే వీపు సన్నమై, రెండుసార్లు విప్పేసరికి పేజీలు ఊడతాయి. లోపల 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క) మ్యాప్‌లిథో కాగితం, కవరు 250 ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. 70 జీఎస్ఎం వేస్తే ఫోటో అవతలి పేజీలోకి కనిపిస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు మ్యాప్‌లిథో మీద స్క్రీన్ మీదకన్నా నల్లగా పడతాయి, మొహాలు కాస్త వెలుతురు పెంచి ఇవ్వండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఫాంటు దగ్గర. మీరు ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైపు చేసేది యూనికోడ్, అంటే ఎక్కడైనా చదవగలిగే అక్షరాల పద్ధతి. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు. వాళ్ళు కన్వర్టర్‌లో వేసి మార్చుకుంటారు. అక్కడ వత్తులు మాయమవుతాయి, "ఫోన్‌లో" కాస్తా "ఫోన్లో" అవుతుంది, అంకెలు, కొటేషన్ గుర్తులు మారతాయి. కాబట్టి యూనికోడ్‌లో పేజీలు పెట్టే షాపు వెతకండి. వాళ్ళు పేజీలు పెట్టేది ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేసి ఉండాలి, లేకపోతే "స్త్రీ" విడిపోయి మూడు ముక్కలవుతుంది. మండలి, ఎన్టీఆర్, గురజాడ లాంటి ఉచిత ఫాంట్లు చాలు. శీర్షికలకి ఒకటి, మ్యాటర్‌కి ఒకటి, అంతకుమించి వద్దు. పెద్దవాళ్ళు చదువుతారు కాబట్టి అక్షరం 13 పాయింట్లు, లైను ఎత్తు 19 పెట్టించండి. ఇంగ్లీషు లెక్కన 15, 16 పెడితే పై లైను వత్తు కింది లైను గుడిలో గుచ్చుకుంటుంది. మడత వైపు మార్జిన్ 18 మిల్లీమీటర్లకి తగ్గొద్దు.

ప్రూఫు స్క్రీన్ మీద చూడొద్దు, కాగితం మీద తీయించి ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. పీడీఎఫ్ మొత్తం ఫ్యామిలీ గ్రూపులో పెట్టారంటే ముప్ఫై మంది ముప్ఫై దిద్దుబాట్లు చెబుతారు, సగం ఒకదానికొకటి పడవు. ఏ ఇంటివాళ్ళ పేజీలు ఆ ఇంటికే పంపండి, గడువు తేదీ పెట్టండి, జవాబు ఇంటికి ఒక్కరి ద్వారానే రావాలనండి. వంశవృక్షంలో పేర్లు, వరసలు మాత్రం అందరికీ చూపించాలి. ఒక కోడలి పేరు తప్పు పడితే ఆ తప్పే ఏళ్ళతరబడి గుర్తుంటుంది. పిల్లల పుట్టిన తేదీలు, ఆధార్ కాపీ, ఫోన్ నంబర్లు అచ్చులోకి వెళ్ళకుండా చూసుకోండి. ఇంటి పుస్తకమే అయినా పీడీఎఫ్ ఊరంతా తిరుగుతుంది, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన తేదీ చాలు ఎవరో ఒకరు బ్యాంకుకి ఫోన్ చెయ్యడానికి.

గడువు వెనక్కి లెక్కేసుకోండి. ఆగస్టు మొదటి వారం అంటే జులై 20కల్లా పుస్తకాలు చేతికి రావాలి. ప్రింటుకి, బైండింగ్‌కి వారం. ఫైనల్ ఫైలు జులై 10. కాగితం ప్రూఫుకి పది రోజులు. మ్యాటర్ అంతా జూన్ నెలాఖరుకి నా దగ్గరకో ఇంకెవరి దగ్గరకో రావాలి. మే నెలాఖరుకి రికార్డింగులు ముగించకపోతే జూన్‌లో టైపింగు పూర్తికాదు. కవరు మీద పేరు ఇంటిపేరుతో వేస్తారా, ఊరంతా పిలిచిన పేరుతోనా అనేది ఇప్పుడే తేల్చుకోండి. చివరి రోజు వరకూ సాగే తగువు అదొక్కటే.